వెనక పెట్టెలో రెండు సీట్లు

ఆ ఆదివారం పొద్దున మ్యూనిక్ మీద ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. కాసేపు తుంపర, కాసేపు ఎండ, మళ్లీ తుంపర.

ఆదిభట్లలో విమాన భాగాలు చేసే ఒక కంపెనీ నలుగురిని మూడు నెలల ట్రైనింగ్‌కి జర్మనీ పంపింది. ఇబ్రహీంపట్నం ఎల్లేశ్, అదే ఊరి లీదియా, యాచారం నర్మద, అందరికీ పెద్ద మహిధర్. ఇవాళ కొండల కింది సరస్సు చూసి సాయంత్రానికి రావాలని బయల్దేరారు. నలుగురికీ కలిపి ఒకటే గ్రూప్ టికెట్. అది మహిధర్ ఫోన్‌లో ఉంది.

ప్లాట్‌ఫాం మీద నర్మద ఎల్లేశ్‌ని పక్కకి లాగింది.

"చర్చి అయినంక లీదియా వాళ్ల బాపు ఫోన్ చేస్తడు. తుర్కయాంజాల్ పిలగాని సంబంధం వచ్చింది. ఇయ్యాల అవునో కాదో చెప్పాలె. నీ కడుపుల ఏమన్నా ఉంటే రైల్లనే చెప్పు. లేకుంటే పెండ్లిల బగారన్నం తినిపో."

"గంత జల్ది ఎట్ల చెప్తరక్కా?"

"రెండు నెలల సంది గదే పని మీదున్నవ్. జల్దా?"

రైలొచ్చింది. సీటు పట్టడానికి ఎల్లేశ్‌కి తెలిసిన పద్ధతి ఒక్కటే. ఇబ్రహీంపట్నం బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు విసిరితే ఆ సీటు మనది. ఎంత కొట్లాడే మనిషైనా రుమాలును చూసి వెనక్కి తగ్గుతాడు. ఇక్కడి కిటికీలు తెరుచుకోవు కాబట్టి, తలుపు తెరుచుకోగానే జనం లేని వెనక పెట్టెలోకి ఉరికి, రెండు సీట్ల మీదా పడేట్టు రుమాలు పరిచాడు.

ఎదుటి సీటులోని ముసలామె, ఎవరో మరిచిపోయారనుకుని, రుమాలును నీటుగా మడిచి అతని చేతికిచ్చింది. 'డాంకే' అని జర్మన్‌లో థాంక్స్ చెప్పి మళ్లీ పరిచాడు. ఆమె మళ్లీ మడిచింది. మూడోసారి మడవకముందే లీదియా వచ్చి దాని మీద కూర్చుంది.

"మిగిలినోళ్లేరి?" అన్నాడు ఎల్లేశ్.

"ముంగటి పెట్టె ఎక్కిన్రు. నర్మదక్కకు ముంగట కూసుంటెనే మంచిగుంటదట."

రైలు కదిలింది. ఎల్లేశ్ నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"నీళ్లు కావాల్నా?" అంది లీదియా.

"వద్దు. ఈడ మక్కచేను మంచిగున్నది."

"అవ్."

"మనకాడ గిట్ల రాదు."

"అవ్. ఇంకేం చూసినవ్?"

"ఆవులు."

లీదియా గబుక్కున కిటికీ వైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. చినుకులు జారే గాజులో ఆమె కళ్లు తననే చూస్తున్నాయని ఎల్లేశ్ కనిపెట్టాడు. దాంతో ఉన్న రెండు మాటలూ పోయాయి.

ఒక స్టేషన్లో రైలు చాలాసేపు ఆగింది. ఎక్కడో దడేల్మని చప్పుడైంది. మళ్లీ కదిలింది. వెంటనే మహిధర్ ఫోన్.

"అరేయ్, రైలు రెండు ముక్కలైందిరా! ముంగటి సగం సరస్సుకు, ఎనక సగం ఎటో పోతదంట. మీరెటు పోతున్నర్రా?"

"ఎటోకే అన్నా."

సరిగ్గా అప్పుడే టికెట్లు చూసే ఆమె వచ్చింది. లీదియా కంగారుగా బ్యాగు వెతికి ఆధార్ కార్డు తీసి చూపించింది. ఆమె కార్డును అటూ ఇటూ తిప్పి, ఫొటోతో ముఖం పోల్చి, మర్యాదగా తిరిగిచ్చి, మళ్లీ టికెట్ అడిగింది.

"ఈడ ఆడోళ్లకు ఫ్రీ లేదు," అన్నాడు ఎల్లేశ్.

"నోర్ముయ్. మన బస్సుల చూపిచ్చి చూపిచ్చి చేతికి గదే అలవాటైంది."

మహిధర్ పంపిన టికెట్ ఫొటో చూపించినా ఆమె తల అడ్డంగా ఊపింది. గ్రూపంటే అందరూ కలిసి ఉండాలి. వచ్చే స్టేషన్లో దిగి, మిగతావాళ్ల కోసం ఆగమంది.

అది చిన్న స్టేషను. ఒక బెంచి, దాని మీద చిన్న రేకు. లీదియా రేకు కింద కూర్చుంది. ఎల్లేశ్ వానలో నిలబడ్డాడు.

"అంత నావల్లనే. నేను రుమాలు ఎయ్యకపోతే..."

"ఆ పెట్టెలు వేరే దిక్కు పోతయని బోర్డు మీద రాసే ఉండె. చదివిన."

"చదివినవా! మరి చెప్పకపోతివి?"

"రుమాలేసి సీటు ఆపినంక లేచిపోతే మర్యాదేనా? మహిధరన్న పక్కన ఉంటే నువ్వు ఆవుల ముచ్చట గూడ చెప్పకపోదువు."

ఆమె చేతిలో ఫోన్ మోగింది. తెర మీద 'బాపు'. ఎత్తకుండా ఎల్లేశ్ వైపు చూసింది.

"ఐదో రింగుకు ఎత్తుత."

"లీదియా..." రెండో రింగు. "తుర్కయాంజాల్..." మూడో రింగు.

"ఊఁ, తుర్కయాంజాల్?"

"వద్దను. నన్ను చేస్కో."

ఆమె ఫోనెత్తింది.

"బాపూ, ఆ సంబంధం వద్దు. ఒకడున్నడు. మన ఊరే. చేపల సోమయ్య కొడుకు ఎల్లేశ్... అవ్, చర్చికి రాడు... అవ్, మాట్లాడడు. ఇప్పుడే ఒకసారి మాట్లాడిండు."

అటువైపు ఆమె తండ్రి నారయ్య ఎల్లేశ్ పేరు ఇంకోసారి చెప్పించుకున్నాడు. లీదియా ముఖంలో నవ్వు తగ్గుతూ వచ్చింది. చివరికి ఫోన్ చాచింది. "నీకే ఇయ్యమంటుండు."

"నమస్తే కాకా," అన్నాడు ఎల్లేశ్, వానలోనే.

"ఏందా చప్పుడు? వానా?"

"అవ్ కాకా."

"పిల్ల తడుస్తున్నదా?"

"లేదు. నేను తడుస్తున్న."

అటునుంచి ఒక దగ్గు వినిపించింది. దగ్గో, నవ్వో.

"వచ్చినంక మీ బాపును తోల్కొని ఇంటికి రా. కూసొని మాట్లాడుదాం."

గంట తర్వాత మహిధర్, నర్మద ఇంకో రైల్లో వచ్చారు. సరస్సు కిటికీలోంచి కనిపించీ కనిపించకముందే వెనక్కి తిరగాల్సి వచ్చింది మహిధర్‌కి. అతని ముఖం మాడిపోయి ఉంది. నర్మద ఇద్దరినీ ఒకసారి చూసి, సంచిలోంచి డబ్బా తీసి, కాగితం పళ్లేల్లో పులిహోర పెట్టింది.

ముగ్గురు పట్టే బెంచి మీద నలుగురూ ఇరుక్కున్నారు. లీదియా తన పళ్లెంలోని పల్లీలు ఒక్కొక్కటే ఏరి ఎల్లేశ్ పళ్లెంలో వేస్తోంది. అతను తల వంచుకుని తింటున్నాడు. నర్మద అది చూసి, నవ్వు బయటపడకుండా ముద్ద పెద్దది చేసి నోరు నింపుకుంది. మహిధర్ తన పళ్లెం ఖాళీ చేసి, మళ్లీ పెట్టమని నర్మద ముందుకు జరిపాడు.