కీ తిప్పడమే ఆలస్యం

"గేటు దగ్గర కారు ఒకటి రాత్రింబవళ్ళు ఉంటుంది. ఎవరికి ఏ దెబ్బ తగిలినా కీ తిప్పడమే ఆలస్యం, ఆస్పత్రిలో ఉంటారు. ఇది నా మాట."

కిందటేడు మే డే నాడు సనత్‌నగర్‌లో మా రేకుల ఫ్యాక్టరీ గేటు ముందు, యజమాని చలపతిరావు గారు మైకు పట్టుకుని అన్న మాటలివి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఈ ఏడు జనవరిలో ప్రెస్సు మిషను, దాని మీద పనిచేసే హాషం కుడిచేతిని మణికట్టు దాకా తినేసింది. నలుగురు మోసుకొచ్చి ఆ అంబాసిడర్ వెనక సీట్లో పడుకోబెట్టారు. డ్రైవరు కీ తిప్పాడు. టక్. మళ్ళీ తిప్పాడు. టక్. అంతే. ఇంజన్ని తిప్పే సెల్ఫ్ మోటారు పాడై చాలా రోజులైందట. బాగుచేయించడానికి ఆఫీసు నుంచి అనుమతి రాలేదట. వెనక సీట్లోంచి హాషం, "మార్ భాయ్... మార్..." అంటూనే ఉన్నాడట. కొట్టు, సెల్ఫ్ కొట్టు అని. జనం కారును తోశారు. ఇంజను స్టార్టయ్యేసరికి ఆ గొంతు ఆగిపోయింది.

సమ్మె చేశాం. చలపతిరావు గారు చివరికి చేసిందేమిటంటే, ఆ కారునే యూనియన్‌కు పారేసి, "మీ బండి మీరే చూసుకోండి" అన్నారు.

నేను ఆ యూనియన్‌కు కరపత్రాలు రాస్తాను. పేరు కామరాజు. మాది తెనాలి పక్క పల్లె, ఉండేది మధురానగర్ హాస్టల్లో. దెయ్యాలూ భూతాలూ భూస్వామ్యం వదిలిపెట్టి పోయిన బూజు అని రాసింది నేనే. శాస్త్రీయ దృక్పథమే శ్రామికుడి ఆయుధం అని రాసిందీ నేనే. ఆ మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. కానీ ఆగస్టు నెలలో ఆ సాయంత్రం జరిగింది జరిగినట్టు చెప్పకపోతే, నాకూ చలపతిరావు గారికీ తేడా ఉండదు.

హాషం పోయినప్పుడు అతని భార్య ఫరీదా నెల తప్పి ఉంది. ఇప్పుడామెకు నెలలు నిండాయి. మొదటి కాన్పు, పైగా బిడ్డ అడ్డం తిరిగిందని బోరబండ మంత్రసాని ముందే చేతులెత్తేసింది. "ఈ కారులోనే ఆస్పత్రికి తీసుకెళ్తాం. ఇది కార్మికుల కారు" అని హాషం తల్లి ఇమామ్ బీకి నేను మాటిచ్చాను. అందుకే కారును పంజగుట్టలో మెకానిక్ జమీల్ షెడ్డుకు తోయించాం. షెడ్డంటే మెయిన్ రోడ్డు నుంచి పల్లంలోకి దిగే సందు చివర నాలుగు రేకులు, ఒక బల్ల, ఒక బల్బు.

మధ్యాహ్నం నుంచి వాన. షెడ్డులో పెట్రోలు, తడిసిన గోనె, పాత గ్రీజు వాసన. జమీల్ బానెట్ లేపి హారన్ కొట్టించాడు. సందంతా మోగింది. లైట్లు వేయించాడు. ఎదురుగా సందు ఎత్తు దాకా తెల్లగా వెలిగింది.

"బ్యాటరీ ఫస్ట్ క్లాస్" అన్నాడు. "సెల్ఫ్ కొట్టు."

కీ తిప్పాను. టక్.

"ఏంది కామ్రేడ్, గిది సుత నీ విప్లవం లెక్కనే ఉన్నది. టక్ అంటది, తిరగదు."

"విప్లవానికి నీలాంటి మెకానిక్ దొరికితే అంతే మరి."

"హైద్రబాద్ మొత్తంల అంబాసిడర్ సెల్ఫ్ గురించి జమీల్‌కు తెల్వనిది లేదు. జర చూడు తమాషా."

బ్యాటరీ మీద పేరుకున్న పచ్చటి బూజును గీకాడు. నట్లు బిగించాడు. కారు కిందకి దూరి సెల్ఫ్ మోటారును ఇనుప కడ్డీతో తట్టాడు. పని జరిగే పద్ధతి ఇది: అతను కింద నుంచి "కొట్టు" అనాలి, నేను సీట్లో కూర్చుని కీ తిప్పాలి, ఆ క్షణంలోనే అతను తట్టాలి. కొట్టు. టక్. కొట్టు. టక్. వాన హోరులో ఆ రెండే శబ్దాలు.

సాయంత్రం ఆరైందో లేదో కరెంటు పోయింది.

మబ్బుకు బయట కూడా వెలుగు లేదు. అమీర్‌పేట వైపు దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. నేను స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను. రేకుల మీద వాన తప్ప ఏమీ వినిపించడం లేదు. పెట్రోలు వాసనలో ఇంకేదో కలిసింది. తడిసిన ఇనుము వాసన లాంటిది... నోట్లో రక్తం ఊరినప్పుడు వస్తుందే, అలాంటిది.

కింద నుంచి మెల్లగా వినిపించింది. "మార్..."

కీ తిప్పాను. టక్.

"మార్ భాయ్..."

మళ్ళీ తిప్పాను. టక్.

"ఎవల మాట విని కొడుతున్నవ్?"

ఆ గొంతు కారు కింద నుంచి కాదు, షెడ్డు తలుపు దగ్గర నుంచి వచ్చింది. జమీల్ చేతిలో కిరోసిన్ లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా అంతా తడిసి ఉంది. లాంతరు కోసం పక్కింటికి వెళ్ళాడట.

"నువ్వే కదా... కింద నుంచి..."

అతను లాంతరును నేల మీద పెట్టి కారు కిందకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఇనుప కడ్డీ ఒక్కటే ఉంది.

"నేను నీతోని 'కొట్టు' అంట" అన్నాడు చివరికి. "'మార్' అన్ననా ఒక్కసారన్న?"

"వాన హోరు, అలిసిన చెవి, ఇంకేం" అన్నాను. అతను నా మాట నమ్మినట్టు తల ఊపాడు. తర్వాత నోరు కదుపుతూ లోపల్లోపల ఏదో చదువుకుంటూ పనిచేశాడు.

సెల్ఫ్ మోటారును ఊడదీశాడు. దాన్ని కాలి కింద తొక్కిపట్టి బ్యాటరీ నుంచి వైర్లు ఇచ్చాడు. గుర్రుమని తిరిగింది! మళ్ళీ ఇచ్చాడు. తిరిగింది. కొత్తదానిలా తిరిగింది. ఉత్సాహంగా తీసుకెళ్ళి కారుకు బిగించాడు.

టక్.

స్క్రూడ్రైవరుతో వైర్లు నేరుగా కలిపాడు. నీలం నిప్పురవ్వలు రాలాయి. మోటారు కదల్లేదు. ఊడదీస్తే తిరుగుతుంది, బిగిస్తే తిరగదు. జమీల్ మొహంలో గొప్పలన్నీ పోయాయి. మళ్ళీ ఊడదీసి దాన్ని బల్ల మీద పెట్టాడు. వేలాడుతున్న వైరు కొసకు టేపు చుట్టి పక్కకు కట్టేశాడు.

"రేపు మా ఉస్తాద్‌కు చూపిస్త. గీ బండికి రోగం మోటర్ల లేదు."

అప్పుడే సందులో చెప్పుల చప్పుడైంది. ఇమామ్ బీ. బుర్ఖా నీళ్ళోడుతోంది.

"బిడ్డా, ఫరీదాకు నొప్పులు లేశినయ్. పొద్దుటి సంది. ఆటోవాలాలు బోరబండ అంటె వస్తలేరు, నాలా పొంగింది. నీ కారు... నువ్వు మాటిచ్చినవ్ కదా."

ఇచ్చాను. గేటు ముందు మైకులో ఇచ్చిన మాట ఏమైందో నాకు తెలుసు. ఇంకో మాట అలా కావడానికి వీల్లేదు.

"తోద్దాం" అన్నాను. "సెల్ఫ్ లేకపోతే ఏం? జనవరిలో తోస్తేనే కదా స్టార్టయింది."

"ఎత్తు మీదికి? నేనొక్కన్నా?" అన్నాడు జమీల్.

ఇంకో దారి లేదు. నేను సీట్లో కూర్చున్నాను. ఇమామ్ బీ నా పక్కన ఎక్కింది. రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టుకున్నాను. వెనక జమీల్ "యా అల్లా" అని మూలిగాడు. కారు జానెడు కదిలి మళ్ళీ వెనక్కి జారింది. ఇంకోసారి. మళ్ళీ జారింది. బురదలో ధబ్బుమని పడ్డ చప్పుడు.

ఆ తర్వాత కారు కదిలింది.

మెత్తగా... ఏ అదురూ లేకుండా... పదిమంది చేతులేసినట్టు కదిలింది. ఎత్తు ఎక్కుతోంది. వేగం అందుకుంటోంది. "శభాష్ జమీల్ భాయ్!" అని అరుస్తూ అద్దంలోకి చూశాను.

జమీల్ షెడ్డు ముందే ఉన్నాడు. బురదలో మోకాళ్ళ మీద ఉన్నాడు. లాంతరు వెలుగులో అతని రెండు చేతులూ ఖాళీగా గాల్లో ఉన్నాయి. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. ఆ అరుపు నాకు అందలేదు.

క్లచ్ వదిలాను. ఇంజను దగ్గి, స్టార్టయింది.

ఆగలేదు. ఆగితే మళ్ళీ స్టార్టవదు. ఆగితే... వెనక ఎవరున్నారో చూడాలి. ఇమామ్ బీ ముందుకే చూస్తోంది. జపం చేసే తస్బీ పూసలు ఆమె వేళ్ళ మధ్య ఆగి ఉన్నాయి.

అమీర్‌పేట చౌరస్తాలో నీళ్ళు చక్రాల సగం దాకా ఉన్నాయి. కుక్క కూడా లేదు. సనత్‌నగర్‌లో మా ఫ్యాక్టరీ గేటు ముందు నుంచే వెళ్ళాలి. గేటు దగ్గరికి రాగానే, నా కాలు పెడల్ మీద కదలకుండానే, కారు నెమ్మదించింది. గేటు దాటాక మళ్ళీ అందుకుంది.

బోరబండలో వాళ్ళ గుడిసె ముందు ఆపాను. ఇమామ్ బీ లోపలికి పరిగెత్తింది. చీకట్లో ఒక్కణ్ణే ఉన్నాను. వెనక సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి... ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు. ఉలిక్కిపడ్డాను. క్లచ్ మీద నుంచి కాలు జారింది. కారు ఒక్క కుదుపు కుదిపింది.

ఇంజను ఆగిపోయింది.

వాన. నా ఊపిరి. ఆ ఇనుము వాసన.

ఇమామ్ బీ ఫరీదాను పట్టుకుని తీసుకొచ్చింది. ఎడమ తలుపు తీసి లోపలికి ఎక్కించింది. ఫరీదా కళ్ళు మూసుకునే ఉంది. పళ్ళు బిగబట్టి, తన పక్కనున్న ఖాళీ సీటుతో, "జర సర్కో" అంది. కొంచెం జరుగు అని. మొగుడితో అన్నట్టే అంది. ఇమామ్ బీ అటువైపుకు చుట్టి వెళ్ళి కుడి తలుపు తీసింది. లోపలికి చూసింది. తలుపు మెల్లగా మూసి, వచ్చి నా పక్కన కూర్చుంది.

"వెనక కూర్చో అమ్మా, కోడల్ని పట్టుకో."

"అక్కడ జాగ లేదు బిడ్డా" అంది.

ఫరీదా కేక పెట్టింది. ఆ వానలో తోయడానికి బయట ఎవరూ లేరు. సెల్ఫ్ మోటారు పంజగుట్టలో జమీల్ బల్ల మీద ఉంది. నేనే చూశాను. వైరుకు టేపు చుట్టడం కూడా చూశాను. కీ తిప్పినా ప్రయోజనం లేదు.

నా చెవి పక్కనే, చాలా దగ్గరగా... చల్లగా...

"మార్ భాయ్."

కీ తిప్పాను.

సెల్ఫ్ తిరిగింది. గుర్రుమని, నిండుగా తిరిగింది. లేని మోటారు తిరిగింది. ఇంజను స్టార్టయింది.

ఆ దారంతా నేను అద్దంలోకి ఒక్కసారే చూశాను. ఫరీదా తల పక్కకు వాలి ఉంది. సీటుకు ఆనలేదు. తలుపుకు ఆనలేదు. మనిషి భుజం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, గాలిలో, హాయిగా ఆని ఉంది.

ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇంకాసేపు ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టరమ్మ అంది.

పొద్దున కారును మళ్ళీ షెడ్డుకు తోయించాక జమీల్ బానెట్ లేపి చూశాడు. మోటారు ఉండాల్సిన చోట ఖాళీ. వైరు కొసన టేపు చుట్టింది చుట్టినట్టే ఉంది. అతను బల్ల మీద మోటారును చూశాడు, నన్ను చూశాడు. "గీ బండి ఇక్కడ పెట్టకు అన్నా" అన్నాడు. కామ్రేడ్ అనలేదు.

కారును తోయించుకుని తీసుకొచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు పెట్టించాను. నాలుగు తలుపులకూ తాళాలు వేశాను. గేటుకు పోస్టరు అంటించాను: చలపతిరావు గారూ, సెల్ఫ్ పాడైందని తెలిసీ బాగుచేయించవద్దన్నది ఎవరు? హాషం చావుకు జవాబుదారీ ఎవరు? ఈ నెల ముప్పై ఒకటిలోగా కార్మికుల ముందుకొచ్చి సమాధానం చెప్పాలి. చరిత్ర మీ వాయిదాల కోసం ఆగదు.

ఆఫీసు నుంచి ఒక గుమాస్తా వచ్చి పోస్టరు చదివి, నవ్వి, లోపలికి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి కారు అద్దాలన్నిటికీ లోపల ఆవిరి పట్టి ఉంది. తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. వెనక అద్దం మీద, లోపలి వైపు, అంకెలు రాసి ఉన్నాయి. హాషంకు చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు. ఎన్ని రేకులు కొట్టాడో మిషను మీద సుద్దతో వేసుకునేవాడు. ఏడుకు అడ్డగీత పెట్టడం అతని అలవాటు. అద్దం మీది ఏడుకు అడ్డగీత ఉంది.

వేలితో రాస్తే గీత సన్నగా వస్తుంది. ఆ గీతలు మణికట్టంత వెడల్పున ఉన్నాయి.

పోస్టరు మీద తేదీ కొట్టేసి, అద్దం మీద ఉన్న తేదీ వేసి మళ్ళీ రాశాను. చలపతిరావు గారూ, ఈ గడువు నేను పెట్టింది కాదు. పెంచడం నా చేతుల్లో లేదు. కారు మీ గేటు ముందే ఉంది. వెనక సీట్లో మీకు జాగ ఉంచారు.

27-8.

ఆగస్టు ఇరవై ఏడు.