మెట్ల మలుపు తిరగని పెట్టె

"చెయ్యి తియ్యండి. ఇది నేను చూసుకున్నది," అంది మరైకె.

"చూసుకోవడం వేరండీ, పట్టుకోవడం వేరు. నేను పట్టుకుని ఉన్నాను."

బ్రెమెన్ నగరంలో, ఓల్ట్‌మన్స్ అనే పెద్దావిడ ఇంటి నేలమాళిగలో, ఒక పొడవాటి చెక్కపెట్టెకు ఆ కొసన మరైకె, ఈ కొసన ముక్కూ మొహం తెలియని ఓ మనిషి. ఇద్దరూ ఒకే ప్రకటన చూసి, ఒకే వానలో తడిసి వచ్చారు. అది కొండచిలువలాంటి బోవా పామును పెంచుకునే పెట్టె. ముందువైపు జారే గాజు తలుపులు, మిగతా మూడువైపులా మందపాటి చెక్క, లోపల పాకడానికి ఒక లావుపాటి కొమ్మ. ఆవిడ భర్త స్వయంగా చేసుకున్నాడట. ఆయనా పోయాడు, ఆయన పామూ ముసలిదై పోయింది.

"కాఫీ కాగేలోపు మీలో మీరు తేల్చుకోండి. కొట్టుకున్నారంటే నేనే ఉంచుకుని చలికోట్లు దాచుకుంటా," అని ఆవిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

"మీ పాము ఎంతుంటుంది?" అడిగాడతను.

"నిలబెడితే మీ అంత."

"పామును ఎవరండీ నిలబెట్టేది?"

మరైకెకు నవ్వొచ్చింది కానీ బయటికి రానివ్వలేదు. నవ్వితే పెట్టె చేజారిపోతుందని భయం. ఫోను తీసి ఫొటో చూపించింది. గోధుమరంగు ఒంటి మీద ఎర్రమట్టి రంగు మచ్చలు. ముక్కు కొసన మాత్రం పచ్చి పుండు.

"ఒట్టీలీ. తెచ్చుకున్నప్పుడు నా మణికట్టుకి గాజులా ఉండేది. చిన్న జాతి, పెద్దగా ఎదగదన్నారు. ఇప్పుడు గాజుతొట్టెలో ఒళ్ళు చాపుకోలేక అద్దానికి ముక్కు రాసుకుంటోంది. పెద్ద ఇల్లు చూడకపోతే వేరే ఊళ్ళో పాముల్ని చూసుకునేవాళ్ళకి ఇచ్చెయ్యమంది డాక్టరమ్మ."

అతను ఫొటోను చాలాసేపు చూశాడు. పెట్టె మీంచి చెయ్యి తీసేశాడు.

"తీసుకెళ్ళండి."

"మరి మీ పాము?"

"కెప్టెన్‌గాడు ఇంకా కుర్రాడే. వాడికి ఇంకో ఏడాది దాకా తొందర లేదు. అది సరే, దీన్ని ఎలా తీసుకెళ్తారు?"

"సైకిల్ మీద వచ్చాను," అంది మరైకె. ఆ మాట తన చెవులకే సిగ్గుగా వినిపించింది.

అతను పెట్టెను చూశాడు, ఆమెను చూశాడు. "నాకు వ్యాను ఉంది. రొట్టెల వ్యాను. పామువాసన తగిలితే మా బేకరీ ఓనరు నన్ను పొయ్యిలో పెడతాడు. అయినా పదండి."

అతని పేరు తోర్బెన్.

*

మరైకె ఉండేది మూడో అంతస్తులో. రెండో అంతస్తు మలుపు దగ్గర పెట్టె ఇరుక్కుంది. నిలబెట్టారు, పడుకోబెట్టారు, ఏటవాలుగా తిప్పారు. గోడ సున్నం రాలింది కానీ పెట్టె మాత్రం జానెడైనా కదల్లేదు.

"కోసేద్దామా?" అంది మరైకె పైమెట్టు మీంచి.

"కోస్తే అది పెట్టె కాదండీ, కట్టెలు," అన్నాడు తోర్బెన్ కిందిమెట్టు మీంచి.

ఆమె మెట్టు మీద కూలబడింది. మధ్యలో పెట్టె ఉంది కాబట్టి అతను కనిపించడు. కనిపించని మనిషితో మాట్లాడటం తేలికనిపించింది.

"చెవిమిషన్లు అమర్చే పని నాది. పొద్దస్తమానం 'వినపడిందా? ఇప్పుడు వినపడిందా?' అని అరుస్తుంటాను. ఇంటికొచ్చాక నేను మాట్లాడేది ఒట్టీలీతోనే. దానికేమో చెవులే లేవు. అది కూడా వెళ్ళిపోతే ఇల్లు ఇల్లులా ఉండదు."

పెట్టెకు అవతల అతను కూడా మెట్టు మీద కూర్చున్న చప్పుడైంది.

"ఊరు పడుకున్నాక నేను లేస్తాను. ఊరు లేచాక నేను పడుకుంటాను," అన్నాడు తోర్బెన్. "ఓసారి స్నేహితుడి పెళ్ళిలో సూప్ తాగుతూ నిద్రపోయాను. గిన్నెలోనే. అప్పట్నుంచి నన్నెవరూ దేనికీ పిలవరు."

ఈసారి మరైకె నవ్వు ఆపుకోలేదు. మెట్లన్నీ మోగాయి.

"మాది కింది అంతస్తు. ముందుగది ఖాళీగానే ఉంది," అన్నాడతను నెమ్మదిగా. "దీన్ని అక్కడ పెట్టి, మధ్యలో చెక్క అడ్డం బిగిద్దాం. అటు ఒట్టీలీ, ఇటు కెప్టెన్. ఈ జాతికి తోడు పడదు, ఒకచోట వదిలితే రెండూ కుంగిపోతాయి. మీ గాజుతొట్టెతో పోలిస్తే సగమైనా దానికి విశాలమే. మీరు ఎప్పుడంటే అప్పుడు వచ్చి చూసుకోవచ్చు."

*

అలా ఒట్టీలీ తోర్బెన్ ఇంటికి వెళ్ళిపోయింది. మరైకె గదిలో వేడిదీపం ఆరింది. ఆ మూల అంత చల్లగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. అయినా తలుపు తీయగానే "వచ్చేశాను" అనే అలవాటు పోలేదు. అనేసి, చెప్పులు విప్పకుండా అలాగే నిలబడిపోయేది.

బుధవారాలూ ఆదివారాలూ తోర్బెన్ ఇంటికి వెళ్ళేది. వేడి ఎంతుందో చూసేది, నీళ్ళు మార్చేది. అతను టేబుల్ మీద మిగిలిన రొట్టె, వెన్న పెట్టేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో అలాగే కుర్చీలో కునికేవాడు. ఆమె దుప్పటి కప్పి, దీపం తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుని వచ్చేసేది. తిరుగుదారిలో ట్రాములో కిటికీ అద్దం మీద వానచుక్కలు ఒకదాన్నొకటి తరుముకునేవి. వారంలో మిగిలిన రోజులు ఎందుకున్నాయో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఒట్టీలీ ముక్కు మానింది. అప్పుడు మొదలైంది కొత్త తలనొప్పి.

"మీ ఇంటికోసం ఒక పెట్టె చూశాను," అన్నాడు తోర్బెన్ ఓ బుధవారం. "మొత్తం గాజు. ముక్కలుగా వస్తుంది, మెట్లు ఎక్కుతుంది."

మరైకె చేతిలో రొట్టెముక్క ఆగిపోయింది. ఓహో, మమ్మల్ని పంపించెయ్యాలనుంది కాబోలు అనుకుంది.

"మొత్తం గాజైతే వేడి నిలవదు," అంది.

ఆదివారానికి ఇంకొకటి. "ఇది ప్లాస్టిక్. తేలిక. వేడి బాగా నిలుస్తుంది."

"పైమూతకు ఇనపవల ఉంది. లోపల తేమ ఆరిపోతుంది. దాని కుబుసం సరిగ్గా ఊడదు."

"ఇది చూడండి, చెక్కదే."

"తలుపుకి తాళం లేదు. ఒట్టీలీ తోసుకుని వచ్చేస్తే కింది అంతస్తు ముసలాయన గుండె ఆగుతుంది."

"దీనికి తాళం ఉంది."

"రంగు బాగోలేదు."

"పాముకి రంగుతో పనేంటండీ!"

"నాకు పనుంది కదా!"

అతను తల గోక్కున్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టరేమో అని గొణిగాడు. కానీ వెతకడం మాత్రం మానలేదు. అతను వెతికినకొద్దీ మరైకె గుండెలో ఏదో కుంగేది. అడగొచ్చు కదా, 'మేం ఇక్కడుంటే మీకు ఇబ్బందా' అని. అడిగితే అవునంటాడేమోనని భయం.

నవంబరులో ఒకరోజు అతను నిద్రకళ్ళతోనే ఫోను ముందుపెట్టాడు. చెక్క గోడలు, ముందు గాజు, తాళం, గాలికి పక్కల సన్నని సందులు. అన్నీ పలకలే, మరలతో బిగించుకోవచ్చు. మరైకె ఇంటి మూలకు కొలిచి చేసినట్టే ఉంది. రంగు కూడా తేనెరంగు.

"ఇందులో వంకేంటో చెప్పండి."

ఆమె చాలాసేపు చూసింది. ఒక్కటైనా దొరికితే బాగుండుననిపించింది.

"ఏం లేదు. బాగుంది," అంది.

"హమ్మయ్య," అన్నాడు. కానీ ఆ మాటలో సంతోషం లేదు. ఆ సంగతి ఆమె గమనించలేదు. ఆమె కళ్ళు అప్పటికే మసకబారాయి.

*

తోర్బెన్ వచ్చి పెట్టె బిగించాడు. ఒట్టీలీ కొత్త ఇంట్లో ఒళ్ళంతా చాపుకుని, ఆ వారమే ఎలుకను మింగింది. ఇంక ఏ లోటూ లేదు. బుధవారం వచ్చింది, వెళ్ళడానికి కారణం లేదు. ఆదివారం వచ్చింది, అదీ అంతే.

మరైకె వేడిదీపం ఎదుట కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇన్నాళ్ళూ ఈ మూల వెలుగు ఉంటే చాలనుకుంది. ఇప్పుడు వెలుగుంది, పాముంది, ఇల్లు మాత్రం అంతకుముందుకన్నా బోసిగా ఉంది. ఫోను చూసుకునేది. పలకరిద్దామంటే సాకు లేదు, పెట్టె బాగానే ఉంది. రాసి కొట్టేసి, రాసి కొట్టేసి, చివరికి ఓ ఆదివారం మధ్యాహ్నం కోటు వేసుకుని బయల్దేరింది.

తోర్బెన్ తలుపు తీశాడు. జుట్టు చెదిరి ఉంది, గడ్డం పెరిగింది.

"ఏమైంది? తలుపు జారడం లేదా? వేడి ఎక్కువైందా?"

"అన్నీ బాగున్నాయి. ఒట్టీలీ తింటోంది, నిద్రపోతోంది. నేనే బాగాలేను."

అతను పక్కకు జరిగి దారిచ్చాడు.

ముందుగదిలో కెప్టెన్ ఇంకా సగం పెట్టెలోనే చుట్టచుట్టుకుని ఉన్నాడు. రెండో సగం ఖాళీ. లోపల నీళ్ళగిన్నె శుభ్రంగా కడిగి ఉంది.

"ఆ అడ్డం ఎందుకు తియ్యలేదు? మొత్తం వాడికే కదా ఇప్పుడు."

"తీస్తే మీరు ఇంక రారని ఒప్పుకున్నట్టు అవుతుందని," అన్నాడు తోర్బెన్, నేల చూస్తూ.

"మరి మమ్మల్ని పంపించెయ్యడానికి అంత ఆరాటపడ్డారేం?"

"నేనా? అది లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండదని మెట్ల మీద చెప్పింది మీరు! మీకు దాన్ని తిరిగి ఇవ్వాలని వెతికి చచ్చాను. మీరు వంక పెట్టినప్పుడల్లా నాకెంత హాయిగా ఉండేదో! ఆ ఆఖరిది చూపించిన రోజు మీరు రంగు బాగోలేదంటారని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

"పిచ్చి మనిషీ," అంది మరైకె. "నాకు వంకలు అయిపోయాయి, తోర్బెన్. ఇంకో వారం ఆగి చూపించి ఉంటే కొత్తవి కనిపెట్టేదాన్ని కదా."

అతను నవ్వబోయాడు, నవ్వు సరిగా రాలేదు. చెయ్యి చాపి ఆమె తడిసిన కోటు చేతిని పట్టుకున్నాడు, మళ్ళీ వదల్లేదు. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఇన్నాళ్ళు ఒంటరిగా ఉన్నవాళ్ళకు, పక్కన ఇంకో మనిషి ఊపిరి వినిపిస్తే ఏం చెయ్యాలో వెంటనే తెలియదు.

"అన్నం తిన్నావా?" అన్నాడు చివరికి. 'మీరు' ఎప్పుడు జారిపోయిందో ఇద్దరూ చూసుకోలేదు.

"పొద్దుట్నుంచీ ఏమీ లేదు. నువ్వు?"

"రొట్టె. రోజూ రొట్టే."

ఇద్దరూ బయటికి వచ్చేసరికి వేజర్ నది గట్టున చేపల బండి ఒక్కటే తెరిచి ఉంది. సన్నగా చినుకు పడుతోంది. చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. తోర్బెన్ ఉల్లిపాయలు ఎక్కువ వేయమన్నాడు, మరైకె వద్దంది, ఆ ఉల్లిపాయలు కూడా తనకే వేయమన్నాడు. బండామె రెండు రొట్టెల్లో హెర్రింగ్ చేపముక్కలు పెట్టి, కాగితంలో చుట్టి, చేతులు తుడుచుకుంటూ అడిగింది:

"బిల్లు కలిపేనా, విడివిడిగానా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కలిపే," అంది మరైకె.