పిడికెడు కందులు

చేవెళ్ల బజారులో లక్ష్మీనర్సయ్య దుకాణం ముందు భాగంలో, ఇల్లు వెనక భాగంలో ఉంటాయి. రెంటికీ మధ్య ఉన్న గడప దగ్గర పీట వేసుకుని ఆయన భార్య సుగుణమ్మ ముప్పై ఏళ్లుగా కూర్చుంటోంది. అక్కడి నుంచి ఆమెకు దుకాణమూ కనబడుతుంది, వంటిల్లూ కనబడుతుంది. రెండు చోట్లా ఆమెకు నచ్చిన వస్తువు ఇంతవరకు ఒక్కటీ లేదు.

ఆ రోజు పొద్దున కోడలు ఉషశ్రీ నువ్వుల ముద్దలు చేసి గిన్నెలో తెచ్చింది. సుగుణమ్మ ఒకటి తీసి వేళ్లతో నలిపి, మూతి ఒక పక్కకు తిప్పి, తిరిగి గిన్నెలోకి విసిరేసింది. ఆ మూతి తిప్పుడు ముందు తిట్లన్నీ దిగదుడుపే.

"బెల్లం తక్కువైందా అత్తమ్మా?"

"నన్నడుగుతవేంది? చేసింది నువ్వు."

ఉషశ్రీ గిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్లింది. ఆమె పుట్టిల్లు మోకిల. తండ్రికి అక్కడ చిన్న బట్టల దుకాణం. చిన్న దుకాణం పిల్లకు పెద్ద దుకాణం మర్యాదలు ఎక్కడ తెలుస్తాయని సుగుణమ్మ అభిప్రాయం. పెళ్లయి మూడేళ్లయినా అది మారలేదు.

కాసేపటికి ఉషశ్రీ చీర మార్చుకుని వచ్చింది. "మొయినాబాద్ దాక పోయొస్తం అత్తమ్మా, చిన్న పనున్నది. పాప మీ దగ్గరుంటది. ఎప్పుడేం పెట్టాల్నో, ఎప్పుడు పండుకోవాల్నో రాసి ఫ్రిజ్ మీద పెట్టిన."

"ముగ్గురిని పెంచిన. నాకు చీటీ రాసిస్తున్నవా?"

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే! సుగుణమ్మ కొడుకు వేణుమాధవ్ వైపు చూసింది. అతను బండి తాళంచెవిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. తల్లికీ పెళ్లానికీ మాట వచ్చినప్పుడల్లా అతనికి తాళంచెవి మీద ఎక్కడలేని శ్రద్ధ పుడుతుంది. ఏం పని అని ఆమె అడగలేదు. ఏ సినిమాకో, షాపింగుకో అయి ఉంటుందనుకుంది.

వాళ్లు వెళ్లాక ఆమె మొదట చేసిన పని, ఆ చీటీని మనవరాలి చేతికి ఇవ్వడం. ఇరవై నెలల దీక్షిత దాన్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క నోట్లో పెట్టుకుంది.

"శభాష్! గా చీటీకి అదే సరి," అంటూ సుగుణమ్మ నోట్లోంచి కాగితం తీసేసింది.

ఇక అవ్వదీ మనవరాలిదీ రాజ్యం. దీక్షిత కొలత సోలను టోపీలా నెత్తిన పెట్టుకుని బస్తాల మధ్య దాక్కుంది. రెండు కాళ్లూ బయటే ఉన్నాయి. "అయ్యో, నా బిడ్డను ఎవలెత్కపోయిన్రు?" అని సుగుణమ్మ ఆ కాళ్ల ముందే నిలబడి వెతికింది. పిల్ల కిలకిలా నవ్వి బయటపడింది. అదే ఆట పదిహేనుసార్లు ఆడారు. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే మనిషి, మనవరాలిని వీపున ఎక్కించుకుని దుకాణమంతా గుర్రమై తిరిగింది. లక్ష్మీనర్సయ్య కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశాడు.

పదకొండింటికి ఎంకపల్లి నుంచి రైతు నాగేందర్ ఆటోలో రెండు బస్తాల కందులు తెచ్చాడు. సరుకు చూడటం సుగుణమ్మ వంతు. కొనేవాడు సరుకును మెచ్చుకుంటే దుకాణం ఆనాడే మునిగినట్టని ఆమెకు అత్తగారు నేర్పిన పాఠం. ఆమె పిడికెడు కందులు తీసింది. అరచేతిలో ఊదింది. మూతి తిప్పింది. బస్తాలోకి విసిరికొట్టింది.

"పుచ్చు!"

"ఏడున్నదమ్మా పుచ్చు, నిన్న నూర్చిన గింజ," అన్నాడు నాగేందర్.

అప్పుడు జరిగిందది. పక్కనే నిలబడ్డ దీక్షిత చిట్టి పిడికిలి బస్తాలో పెట్టింది. నాలుగు గింజలు వచ్చాయి. ఫూ అని ఊదింది, కొంత తుంపర పడింది. పెదవి అచ్చం అవ్వలాగే పక్కకు తిప్పి గింజలు విసిరేసింది.

"పుచ్చి!"

దుకాణంలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. సుగుణమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "చూసిన్రా! గిది మా నెత్తురు! మోకిలోళ్లకు వస్తదా గీ తెలివి?"

నాగేందర్ కూడా నవ్వాడు కానీ సగంలోనే ఆపేశాడు. "నువ్వంటె ఊకుంటి. పాలు తాగే పిల్లతోని గూడ అనిపిస్తివా అమ్మా?"

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. మధ్యాహ్నమంతా అదే ఆట. తాత చెప్పులు చూపిస్తే, పుచ్చి. బొమ్మ కోతి, పుచ్చి. గోడ మీది క్యాలెండర్, పుచ్చి. పప్పన్నం ముద్ద కూడా పుచ్చే అయింది. అది మాత్రం గోడకు అంటుకుంది. ప్రతిసారీ సుగుణమ్మ చప్పట్లు కొట్టింది. పిల్ల నిద్ర ఊసే మరిచిపోయారు.

నాలుగింటికి ఉషశ్రీ, వేణుమాధవ్ వచ్చారు. ఉషశ్రీ గడప దగ్గరే మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాపింది. "నా బంగారం! అమ్మ వచ్చింది, రా!"

దీక్షిత తప్పటడుగులతో వచ్చింది. తల్లి చెంపను పిడికిట్లోకి తీసుకుంది. ఫూ అని ఊదింది. పెదవి తిప్పింది. చేయి విదిలించింది.

"పుచ్చి!"

సుగుణమ్మ అలవాటుగా నవ్వేసింది. నవ్వింది ఆమె ఒక్కతే కావడంతో ఆ నవ్వు దుకాణమంతా వినిపించింది.

ఉషశ్రీ లేవలేదు. చాపిన చేతులు అలాగే ఉన్నాయి. కళ్లలో నీళ్లు నిండాయి గానీ గొంతు మాత్రం గట్టిగానే వచ్చింది.

"మూడేండ్ల సంది మీరు నన్ను గదే అంటున్నరు అత్తమ్మా. కూర పెడితె మూతి తిప్పుడు, చీర కట్టుకుంటె మూతి తిప్పుడు. సరే, పెద్దోళ్లని పడ్డ. ఇయ్యాల నా బిడ్డ గూడ నన్ను పారేసింది."

"పసిపిల్ల ఆట, దానికింత రాద్ధాంతమా?" అని సుగుణమ్మ మూతి తిప్పబోయింది.

"మేం మొయినాబాద్‌ల కిరాయి ఇల్లు చూసొచ్చినం. దారి పొడుగునా వద్దులే, పాప అవ్వకు దూరమైతదని నేనే అన్న. ఇప్పుడు అంటున్న, పోదాం. ఇది ఇంకో నెల ఈడనే ఉంటె నా మొకం గూడ చూడదు."

సుగుణమ్మ కొడుకు వైపు చూసింది. ఈసారి అతని చేతిలో తాళంచెవి లేదు. "నేను గూడ పోదామనే అంటున్నమ్మా," అన్నాడు.

ఇల్లు మారడమంటే ఏమిటో సుగుణమ్మకు అప్పుడు అర్థమైంది. రేపటి నుంచి బస్తాల వెనక ఆ రెండు కాళ్లు కనబడవు. అయినా నోరు మాత్రం పాత దారిలోనే నడిచింది. "పోండ్రి! నన్ను బెదిరిస్తున్నరా?"

"సుగుణా," అన్నాడు లక్ష్మీనర్సయ్య. ఆయన దుకాణంలో గొంతు పెంచడం అంతవరకు ఎవరూ వినలేదు. "నాగేందర్ కందులు పుచ్చా?"

"గిప్పుడు గదెందుకు?"

"చెప్పు. పుచ్చా?"

"కాదు. మంచి గింజనే."

"మరి పుచ్చని ఎందుకంటివి? రేటు తగ్గించేటందుకు. సాయంత్రం గిరాకీ వస్తె అవే కందులు బంగారమని అమ్ముతవు. కోడలి సంగతి గూడ గంతే. బజార్ల నలుగురు ఆడోళ్లు కలిస్తె మా ఉషసొంటిది చేవెళ్లల లేదంటవు. నా చెవులతోని విన్న. ఇంట్లకొచ్చి పుచ్చంటవు. ఆమె దగ్గర ఏం రేటు తగ్గించాలని సుగుణా? కొన్నవా ఆమెను?"

ఉషశ్రీ తలెత్తి అత్తగారి వైపు చూసింది. ఈ సంగతి ఆమెకు కొత్త. ముప్పై ఏళ్లు ఎదుటివాడి సరుకును తీసిపారేసిన సుగుణమ్మకు, తన సరుకును ఇలా విప్పి చూపించేసరికి దాచుకోవడానికి చోటు లేకపోయింది.

దీక్షిత అవ్వ దగ్గరికి వచ్చి, చప్పట్ల కోసం మొహంలోకి చూసింది. చప్పట్లు లేవు. పిల్లకు అర్థం కాలేదు. అవ్వ వేలు పట్టుకుని ఊది, పెదవి తిప్పి వదిలేసింది. "పుచ్చి!"

"అవునే బిడ్డా," అంది సుగుణమ్మ. "గిదే అసలు పుచ్చు." అని పీట మీదే కూలబడి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

కొంతసేపటికి లేచి వంటింట్లోకి వెళ్లి నువ్వుల ముద్దల గిన్నె తెచ్చింది. మనవరాలి ఎదుట నేల మీద కూర్చుని ఒకటి కొరికింది. నమిలింది. అమ్మేవాళ్ల ఎదుట ఎన్నడూ వాడని మాట అప్పుడు ఆమె నోటి నుంచి వచ్చింది.

"మంచిగున్నది ఉషా. పొద్దుగాల గూడ మంచిగనే ఉండె."

దీక్షితకూ చిన్న ముక్క పెట్టింది. పిల్ల నమిలి, అవ్వ మొహం చూసి, అలవాటుగా పెదవి తిప్పింది. "పుచ్చి!"

ఉషశ్రీ కళ్లు తుడుచుకుంది. "ఇగ ఇది ఆ మాట మరిచేదెప్పుడో!"

"నన్ను చూసి నేర్సింది. నన్ను చూసే మరవాలె." సుగుణమ్మ కోడలి వైపు చూడలేక నేల వైపు చూస్తూ అంది, "గంతదాక ఉండున్రి ఉషా."

ఉషశ్రీ దీక్షిత మూతికి అంటిన నువ్వులు పైటతో తుడిచింది. తర్వాత భర్తతో, "ఆ కిరాయి ఇంటాయనకు ఇప్పుడే ఏం చెప్పకు," అంది.

సుగుణమ్మ లేచి తనే చాయ్ పెట్టి కోడలికి గ్లాసు అందించింది. ఉషశ్రీ గుటక వేసింది. సుగుణమ్మ కళ్లు ఆమె పెదవుల మీదే ఉన్నాయి, బస్తా దించి నిలబడ్డ రైతు కళ్లలా.

"చక్కెర ఎక్కువైంది అత్తమ్మా."

మూతి పక్కకు పోబోయింది. సుగుణమ్మ దాన్ని బలవంతాన ఆపుకుంది.

"రేపు తక్కువేస్త," అంది.