మైనం పూసిన బాతు

"జున్ను కిచకిచలాడుతోందా?"

"తాజాదైతే ఆడుతుంది."

సంకేతం సరిపోయింది. ఏజెంట్ ఫోర్ వెనక తలుపు గుండా హార్డ్‌వేర్ దుకాణంలోకి జారుకుంది. అసలు పేరు మార్లిస్ టోలెఫ్‌సన్. పైకి కనిపించే వృత్తి, స్కూల్ బస్సు డ్రైవరు. పెయింటు డబ్బాల మధ్య కమిషనర్ గార్డీ బ్రాండ్‌వోల్డ్ ఎదురుచూస్తున్నాడు. దుకాణం అతనిదే, లీగూ అతనిదే.

"కూర్చోకు, టైం లేదు. రేసు పన్నెండింటికి. మన లీగులో ఒక ద్రోహి ఉన్నారు."

ఎనిమిది మంది స్నేహితుల లీగు అది. నిజమైన ఫుట్‌బాల్ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకుని, ఎవరి జట్టు వాళ్ళు కాగితం మీద కట్టుకుంటారు. ఆ ఆటగాళ్ళు మైదానంలో తెచ్చే పాయింట్లే వాళ్ళ జట్టుకూ పాయింట్లు. మొదటి వంతు దక్కినవాళ్ళకు ఏడాదంతా పండగే. ఆ వంతులు తేల్చేవి బాతులు. ప్రతి ఆగస్టులోనూ పేర్లు రాసిన ప్లాస్టిక్ బాతులను వంతెన మీంచి వాగులోకి వదులుతారు. ముందు కొట్టుకొచ్చిన బాతుదే మొదటి వంతు.

గార్డీ ఒక సీసా ఎత్తి చూపించాడు. అడుగున గోరంత తెల్లటి ముద్ద.

"మైనం. బాతుల సంచీ పక్కన దొరికింది. బాతు కింద బొక్క మూస్తే నీళ్ళు ఎక్కవు, బోర్లా పడదు. ఇంక అది బాతు కాదు, రాకెట్టు!"

"ఎవరి బాతు?" అంది మార్లిస్.

"చూడకూడదు కదా! సీలు వేసిన సంచీ వంతెన మీదే విప్పాలి, బాతును ఎవరూ ముట్టుకోకూడదు. పదేళ్ళ రూలు. అందుకే మనిషిని పట్టుకోవాలి. టార్గెట్, డార్లా ష్మిట్జ్. పెళ్ళి చేసుకుని పక్క రాష్ట్రం ఇల్లినాయ్ వెళ్ళిపోయింది. సరిహద్దు అవతలి ముఠా ఆమెతో ఏం చేయిస్తోందో! రుజువు దొరికితే లీగు నుంచి అవుట్."

"నన్నే ఎందుకు పంపిస్తున్నావు?"

"నీకు అబద్ధం ఆడటం చేతకాదు కాబట్టి."

ఆ మైనం మార్లిస్ పూసిందే.

లీగులో ఆఖరున వచ్చినవాళ్ళు ఊరంతటికీ బద్ధశత్రువైన ఇల్లినాయ్ జట్టు జెర్సీ తొడుక్కుని ఊరి పరేడ్‌లో ట్రాక్టరు మీద ఊరేగాలి. పోయిన రెండేళ్ళూ తనే ఊరేగింది. బస్సులో పిల్లలు ఇంకా నవ్వుతున్నారు. పోయిన వారం, సంచీకి ఇంకా సీలు పడకముందు, గార్డీ గ్యారేజీలో బాతులతో ఐదు నిమిషాలు ఒంటరిగా ఉండే అవకాశం దొరికింది. అంతే.

ఇప్పుడైనా చెప్పేస్తే పోయేది. "మిషన్ ఓకే," అంది.

పదకొండు గంటలకు వాగు ఒడ్డుకు చేరింది. మారువేషం: చేపలు పట్టేవాళ్ళ టోపీ, నల్ల కళ్ళద్దాలు. టార్గెట్ ఎర్ర స్కార్ఫు కట్టుకుని, ఎత్తు మడమల చెప్పులు గడ్డిలో దిగబడుతుండగా నిలబడి ఉంది. సినిమా తారలా ఉంది.

"ఒసే మార్లిస్! మీ నాన్న టోపీ పెట్టుకొచ్చావేంటే? చేపల్ని భయపెడతావా?"

మారువేషం మూడు సెకన్లు నిలిచింది.

డార్లా ఆమెను కావలించుకుని, బన్నులో పెట్టిన సాసేజ్ చేతిలో పెట్టింది. "ఆవముద్ద నీకిష్టమని రెండింతలు పూయించా. తిను. అక్కడ నన్ను 'ఒసే' అనేవాళ్ళే లేరే. ఈ ఒక్క రోజు కోసం ఏడాదంతా ఎదురుచూస్తా, తెలుసా?"

ఆమె ఐసు తేవడానికి వెళ్ళగానే ఏజెంట్ ఫోర్ డార్లా సంచీ తెరిచింది. పది కొవ్వొత్తుల పెట్టె! దాని కింద కేకు డబ్బా. మూత మీద డార్లా చేతిరాత: 'మన లీగుకు పదేళ్ళు.'

మార్లిస్ చాలాసేపు ఆ అక్షరాలను చూసింది. తర్వాత ఫోన్ తీసి గార్డీకి సందేశం పంపింది: "సంచీలో కొవ్వొత్తులు ఉన్నాయి."

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అందుకే ఆమెకు మరీ సిగ్గేసింది.

పన్నెండింటికి అందరూ వంతెన మీదకు చేరారు. గార్డీ సంచీ సీలు కోసి, గొంతు సవరించుకున్నాడు.

"డార్లా, నువ్వు ఇక ఈ లీగులో లేవు."

"జోకా గార్డీ?"

"కొవ్వొత్తులు ఎందుకు తెచ్చావు?"

"కేకు మీద..."

"చాల్లే. ఆ మైనం కథ మాకు తెలుసు."

ఎవరూ నవ్వలేదు. డార్లా ఒక్కొక్కరి ముఖమూ చూసింది. మార్లిస్ ముఖం దగ్గర కాసేపు ఆగింది, ఈమైనా ఏదో ఒకటి అంటుందని. తర్వాత వంగి సంచీ భుజాన వేసుకుంది.

గార్డీ బాతుల సంచీని వాగు మీదకు వంచాడు. "మూడు... రెండు..."

మార్లిస్ బాతుల సంచీలో చెయ్యి పెట్టి మైనం కోసం తడిమింది. పదేళ్ళ రూలు విరిగింది. ఏడు బాతులు నీళ్ళలో పడ్డాయి. ఎనిమిదోది ఆమె పిడికిట్లో ఉండిపోయింది. దాన్ని తిప్పి అందరికీ చూపించింది. కింద మైనం, పక్కన తన పేరు.

"నేనే," అంది. "డార్లా కాదు. నేనే."

ఏడు బాతులు బోర్లాపడుతూ కొట్టుకుపోతున్నాయి. ఎవరూ చూడటం లేదు.

"నా సంచీ వెతికింది నువ్వా?" డార్లా అడిగింది.

"అవును."

"కేకు డబ్బా చూశావా?"

"చూశాను."

డార్లా భుజం మీది సంచీ దించి కింద పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

గార్డీ ముఖం సిగ్గుతో ఎర్రబడింది. "నన్ను క్షమించు డార్లా. నీ చోటు నీదే," అన్నాడు. మార్లిస్‌కు ఆఖరి వంతు అని తీర్పు చెప్పాడు. కేకు ఏడు కాదు, ఎనిమిది ముక్కలే కోశారు. మార్లిస్ ముక్కను డార్లాయే ఆమె ముందు పెట్టింది.

గార్డీ లీగు పుస్తకం తెరిచాడు.

"నేరం చేసింది?"

"మార్లిస్ టోలెఫ్‌సన్."

"పట్టుకున్నది?"

ఆమె తల వంచుకుంది. "అదీ నేనే. రాయకు గార్డీ."

"రాయక తప్పదు. మన గూఢచారి శాఖ ఛేదించిన మొట్టమొదటి కేసు ఇదే."