ఊపిరి సందు

గంజిలో ఏదో కలుపుతున్నారని జమలయ్యకు మొదట్నుంచీ అనుమానమే. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. రాగుల వాసన, అరటిపండు వాసన, వాటి వెనకాల సన్నగా ఏదో మందు వాసన. మందు కాదు, మునగాకు పొడి అని సైదాబీ ఎన్నోసార్లు చెప్పింది. వంటశాల జీతం తినే మనిషి అంతకన్నా ఏం చెబుతుంది?

"తాగవయ్యా, పొద్దున నేనూ అదే తాగాను" అంది సైదాబీ.

"నువ్వు తూనీగ ఎగరెయ్యవుగా, నీ గిన్నెలో కలిపి వాళ్ళకేం లాభం?" అన్నాడు జమలయ్య.

అయినా తాగాడు. తాగకపోతే మణికట్టు మీది అదురుపట్టీ గంటలో పట్టేస్తుంది. ఆకలి కడుపుకి చెయ్యి ఎంత వణుకుతుందో, టీ తాగితే ఎంత, ఆవకాయ తింటే ఎంత, అన్నీ దానికి తెలుసు. నూజివీడు తోటల కేంద్రంలో తూనీగలు నడిపే చోదకులు తినే ప్రతి ముద్దా కొలతన్నమే. కారం లేదు, కాఫీ టీలు లేవు, రాత్రి ఏడు దాటితే మంచినీళ్ళు కూడా లెక్కే. కోతలున్నన్నాళ్ళూ ఇంటికి పోవడానికి వీల్లేదు. ఆదివారం ఆదివారం గేటు దగ్గర పెళ్ళాం పిల్లల్ని చూసుకోవచ్చు, వాళ్ళు తెచ్చిన తినుబండారం మాత్రం ముట్టకూడదు.

చెట్టెక్కి మామిడికాయ కోసే మనిషి ఆ రోజులకి ఆ చుట్టుపక్కల లేడు. తూనీగ అని పిలుచుకునే జానెడు యంత్రం ఆకుల్లోకి దూరి, ముచ్చిక అంగుళం ఉంచి తుంచేది. కింద జోలె పట్టుకుని ఎగిరే ఇంకో యంత్రం కాయని అందుకునేది. ముచ్చిక పొట్టిదైతే సొన కారి కాయ మీద మచ్చ పడుతుంది, పొడుగైతే పక్క కాయని గుచ్చుతుంది. ఇదంతా యంత్రమే చేసుకుపోతుందని మొదట్లో గొప్పలు చెప్పారు. గాలికి ఊగే కొమ్మ మీద ముదురుకాయకీ లేతకాయకీ తేడా కనిపెట్టడం దాని తాతతరం కాలేదు. మనిషి కన్నూ మనిషి వేలూ కావాల్సొచ్చాయి. దాంతో మనిషినే యంత్రంలా తయారుచెయ్యడం మొదలుపెట్టారు.

జమలయ్యకి నలభై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు పొడుగాటి గడకి చిక్కం కట్టి, చిటారు కొమ్మన ఉన్న బంగినపల్లిని ఆకు రాలకుండా దించిన చెయ్యి అది. ఇప్పుడా చేతికి కేంద్రం ఇచ్చిన నిలకడ అంకె ఎనభై ఒకటి. పన్నెండుమంది చోదకుల్లో అదే అడుగు. బంగినపల్లి కోత ముగిసే రోజున అడుగున ఉన్నవాణ్ణి పంపించేస్తారు, మళ్ళీ రానివ్వరు. ఇంకా పద్దెనిమిది రోజులుంది. చిక్కం పనీ లేదు, చెట్టెక్కే పనీ లేదు, బుట్టలు మోసే పనీ లేదు. ఇక్కడ తీసేస్తే ఆ ప్రాంతంలో అతని చేతులకి ఇంకో పని లేదు.

పైన ఉన్నవాడు ఎవరయ్యా అంటే నాంచారయ్య. జమలయ్య చెల్లెలి మొగుడు. అంకె తొంభై ఆరు.

ఆ రోజు పొద్దున ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకే వరస చెట్లు కోస్తున్నారు. చేతి నిలకడ నేర్పే హిమజ మేడం వెనక నిలబడి, రోజూ చెప్పేదే మళ్ళీ చెప్పింది. మీటని బొటనవేలితో తొయ్యకూడదు, చిటికెడు ఉప్పు పట్టుకున్నట్టు రెండు వేళ్ళ మధ్య పట్టుకోవాలి. ఊపిరి సగం వదిలి ఆపాలి. లోపలికీ బయటికీ కాని ఆ జాగాకి ఊపిరి సందు అని పేరు పెట్టింది ఆవిడే. గుండె చప్పుడు కూడా వేలిదాకా రాని సందు అది. కాయ కొయ్యాల్సింది అందులోనే.

జమలయ్య ఊపిరి ఆపితే మెడ నరం కొట్టుకునేది. నాంచారయ్య ఆపితే మనిషి బొమ్మైపోయేవాడు. తెర మీద తూనీగ గాల్లో మేకు కొట్టినట్టు నిలబడేది. ఒక ముచ్చిక, ఇంకో ముచ్చిక. పూటకి వెయ్యి కాయలు కోస్తే వెయ్యిసార్లు ఊపిరి ఆపేవాడు.

ఒకే గంజి తాగి, ఒకే మీట పట్టి, ఒకే పాఠం విన్న ఇద్దరు మనుషుల మధ్య పదిహేను అంకెల తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏదో మింగుతున్నాడు. లేకపోతే మేడమే వాడి పట్టీని సరిచేస్తోంది. ఈ రెంటిలో ఏదో ఒకటి అయ్యుండాలని జమలయ్య తీర్మానించుకున్నాడు.

ఆదివారం చెల్లెలు తిరుపతమ్మ గేటు దగ్గరకి వస్తే పక్కకి పిలిచి, నీ మొగుడు ఇంటి దగ్గర ఏం మందులు వాడేవాడని కూపీ లాగాడు. ఏమీ లేవంది. సూదిలో దారం ఎక్కించినా, పిల్ల కాలిలో ముల్లు తీసినా ఊపిరి బిగబట్టి చేస్తాడని, అదో అలవాటైపోయిందని నవ్వింది. జమలయ్యకి నమ్మబుద్ధి కాలేదు. పెళ్ళయిన చెల్లెలు మొగుడి పక్షమే మాట్లాడుతుంది, అన్న పక్షం మాట్లాడుతుందా?

ఇక తనే కనిపెట్టాలనుకున్నాడు.

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండింటిదాకా చోదకులంతా నిదరగూళ్ళలో పడుకోవాలి. మనిషి పొడుగు పెట్టె, పైన అద్దం మూత, లోపల చల్లగాలి. గూడు మనిషి కదలికనీ వేళ్ళ వణుకునీ గుండె వేగాన్నీ కొలిచి నిద్రకి మార్కులేస్తుంది. ఆ మార్కులు నిలకడ అంకెలో కలుస్తాయి. జమలయ్య కడుపులో బాగాలేదని చెప్పి లేచాడు. వచ్చేటప్పుడు నాంచారయ్య గూటి దగ్గర వంగి నిలబడ్డాడు.

నాంచారయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఛాతీ లేస్తోంది, దిగుతోంది. కాసేపటికి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకొచ్చి, చిటికెడు ఉప్పు పట్టుకున్నట్టు కలుసుకున్నాయి. ఛాతీ సగం దిగి ఆగిపోయింది.

జమలయ్య మనసులో లెక్కపెట్టాడు. పది. ఇరవై. ముప్ఫై. మూత మీద మార్కు ఒక్కొక్కటిగా పెరుగుతోంది. నలభై దాటాక వేళ్ళు విడిపోయాయి, మనిషి నీళ్ళలోంచి తేలినట్టు గుటకేసి ఊపిరి పీల్చుకున్నాడు. మార్కు కాస్త తగ్గింది. రెండు నిమిషాలకి మళ్ళీ వేళ్ళు కలిశాయి.

ఓహో, ఇదా సంగతి అనుకున్నాడు జమలయ్య. గూడు నిశ్చలాన్ని మెచ్చుకుంటుందని వీడు కనిపెట్టాడు. నిద్ర నటిస్తూ, ఊపిరి బిగబట్టి మార్కులు కొట్టేస్తున్నాడు దొంగ.

అందులో సగం నిజమే. గూడు తయారుచేసిన చదువుకున్నవాళ్ళు వేలి వణుకు కొలిచారు, కనురెప్ప కొలిచారు, గుండె నెమ్మదిస్తే అది విశ్రాంతి అని రాసుకున్నారు. ఊపిరి మాత్రం కొలవలేదు. నిద్రపోయేవాడు ఊపిరి పీలుస్తాడన్నది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదనుకున్నారు.

సాయంత్రం చేతులకి నువ్వులనూనె రాసుకునేటప్పుడు జమలయ్య మెల్లగా కదిపాడు.

"బావా, నిద్రలో బాగానే కష్టపడుతున్నావు."

"నిద్రలో కష్టమేంటి బావా?" అన్నాడు నాంచారయ్య.

"నా దగ్గర దాచకు. ఊపిరి ఆపుతున్నావు. చూశాను."

నాంచారయ్య ఇంకో చేతికి నూనె పట్టించాడు. "ఏమో బావా. కలలో కూడా కాయలే కోస్తుంటాను. లేచేసరికి కోసినంత అలుపుగా ఉంటుంది. నిద్రపోయేవాణ్ణి పట్టుకుని ఏం చేశావంటే ఏం చెప్పను?"

"అంతేలే, చెప్పవు. చెబితే నేనూ నేర్చుకుంటానుగా."

నాంచారయ్య నవ్వేశాడు. అలా నవ్వాడంటే దొరికిపోయాడన్నమాట అని జమలయ్య లెక్క. దొరికినవాడు కోప్పడినా దొంగే, నవ్వినా దొంగే. అనుమానం పట్టినవాడి తక్కెడ అలాగే తూగుతుంది.

మేడంతో చెబుదామా అని రెండు రోజులు కొట్టుమిట్టాడాడు. చెబితే ఆ దారి మూసేస్తారు, తనకి అక్కరకి రాకుండా పోతుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు. తనే మొదలుపెట్టాడు. గూట్లో కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళూ కలిపి, ఊపిరి సగం వదిలి ఆపేవాడు. మొదట్లో ఇరవై లెక్కపెట్టేసరికి చెవులు హోరెత్తేవి. వారంలో ముప్ఫై ఐదుకి వచ్చాడు. అంకె ఎనభై నాలుగైంది, తర్వాత ఎనభై ఆరు. పదకొండోవాడికి ఎనభై ఏడు. ఇంకొక్క మెట్టు ఎక్కితే చాలు.

ఆ మెట్టు ఎక్కకుండానే ఆఖరి రోజు వచ్చింది. ఆ పూట మధ్యాహ్నం కూడా జమలయ్య గూట్లో చెమటలు పట్టేలా ఊపిరి బిగబట్టాడు. రెండింటికి గంట మోగి మూతలన్నీ వాటంతటవే లేచాయి. ఒక్కటి లేవలేదు. గాఢ విశ్రాంతిలో ఉన్నవాణ్ణి లేపకూడదని గూటికి నేర్పారు. నాంచారయ్య గూటి మీద ఆకుపచ్చ దీపం, దాని కింద మార్కు. నూటికి నూరు. అంతవరకు ఆ కేంద్రంలో ఎవరికీ రాని మార్కు.

"అత్తారింట్లో కొత్తల్లుడు కూడా ఇంత హాయిగా నిద్రపోడయ్యా" అన్నారెవరో. నవ్వుకున్నారు. మేడం కూడా వచ్చి చూసి, పడుకోనివ్వండి, లేపకండి అని చెప్పి వెళ్ళింది. జమలయ్య నవ్వలేదు. ఆఖరి రోజు కూడా నాటకం ఆపలేదు చూడు అనుకుని పళ్ళు నూరాడు.

రెండూ నలభైకి సైదాబీ మధ్యాహ్నపు గంజి తెచ్చింది. గంజి చల్లారుతోందని ఆవిడ ఎవర్నీ అడక్కుండా మూత లేపింది. భుజం తట్టింది. తట్టిన చెయ్యి వెనక్కి తీసుకుని, జమలయ్య వంక చూసి చిన్న గొంతుతో అంది, "ఒళ్ళు చల్లగా ఉందయ్యా."

కుడిచేతి రెండు వేళ్ళూ ఇంకా కలిసే ఉన్నాయి.

గుండె ఆగిందని డాక్టరు రాశాడు. గూటి పొరపాటు ఏమీ లేదని కేంద్రం ప్రకటించింది. చోదకులు పదకొండుమందే మిగిలారు కాబట్టి ఆ ఏడు ఎవరినీ తీసెయ్యడం లేదని, రసాలూ కలెక్టర్ కాయా కోయడానికి అందరూ ఉండాలని చెప్పింది. జమలయ్య ఉద్యోగం నిలిచింది. దేనివల్ల నిలిచిందో అతనికి తెలుసు.

పెద్దకర్మకి కేంద్రం రెండు రోజులు సెలవిచ్చింది, అది అయిన మర్నాడు చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. తిరుపతమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని చెప్పాడు.

"నేను చూశానమ్మాయ్. పదిహేను రోజుల ముందే చూశాను. నిద్రలో ఊపిరి ఆగిపోతోంది."

ఆమె చెయ్యి ఆగింది. "చూసి?"

"దొంగాట అనుకున్నా."

"అప్పుడు తట్టి లేపితే లేచేవాడా?"

"లేచేవాడు."

తిరుపతమ్మ మళ్ళీ బియ్యంలోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. రెండూ చెయ్యలేదు. చేట పక్కన పెట్టి, చెప్పులేసుకుని, ఊళ్ళో మిగతా చోదకుల ఇళ్ళకి ఒక్కొక్క ఇంటికీ వెళ్ళింది. ఏం చెప్పిందో గాని, ఆ సోమవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా ఆడవాళ్ళంతా కేంద్రం గేటు దగ్గర ఉన్నారు. పెళ్ళాలు, తల్లులు, ఒకరి ఇంటి నుంచి కోడలు. మొగుడి నిద్రకి కాపలా ఉంటాం, కాదంటే మొగుణ్ణి తీసుకుపోతాం అన్నారు. మేడం నియమాలు చదివి వినిపించింది. వాళ్ళు విని, లోపలికొచ్చి కూర్చున్నారు.

అప్పట్నుంచి ప్రతి గూటి పక్కనా ఒక ముక్కాలిపీట. మూత తెరిచే ఉంటుంది. పూటకి వెయ్యిసార్లు ఊపిరి ఆపిన అలవాటు నిద్రలో అందరినీ పట్టుకుంది. ఛాతీ ఆగిందంటే భుజం పట్టి కుదుపుతారు. మధ్యాహ్నమంతా హాలు నిండా "లే, లేవయ్యా, గాలి పీల్చు" అనే మాటలు. రాత్రిళ్ళూ వంతులేసుకుని మేలుకునేవాళ్ళు. నెల తిరిగేసరికి ఆ ఆడవాళ్ళ కళ్ళు గుంటలు పడ్డాయి. చెంబు పట్టుకుంటే నీళ్ళు ఒలికేవి. మగవాళ్ళ చేతుల వణుకు పోగొట్టడానికి పుట్టిన చదువు, ఆ వణుకుని తీసుకెళ్ళి ఆడవాళ్ళ చేతుల్లో పెట్టింది. వాళ్ళ మణికట్లకి పట్టీలు లేవు కాబట్టి అది ఏ తెర మీదా కనపడలేదు.

జమలయ్య పెళ్ళాం పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. అతని గూటి పక్కన పీట ఖాళీ. వారం రోజులుగా అతను పడుకోవడం లేదు, పడుకున్నట్టు ఉంటున్నాడు. నటించడం మానేశాక తెలిసింది అసలు సంగతి. ఎప్పుడైనా కునుకు పట్టి, గుటకేసి ఉలిక్కిపడి లేచేసరికి కుడిచేతి రెండు వేళ్ళూ కలిసి ఉంటున్నాయి. తను నేర్పిన పాఠం ఒంటికి వచ్చేసింది.

ఆ రోజు పన్నెండున్నరకి కళ్ళు మూతలు పడుతుంటే, పీట జరిగిన చప్పుడైంది. తిరుపతమ్మ. పలకరించలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది.

ఎందుకొచ్చింది? జమలయ్య నిద్ర మత్తు దిగిపోయింది. తన మొగుడి ఊపిరి ఆగుతుంటే నిలబడి లెక్కపెట్టినవాడు ఇక్కడున్నాడు. లేపడానికి వచ్చిందా, లెక్కపెట్టడానికి వచ్చిందా? మొహంలోకి చూస్తే తెలుస్తుందేమోనని చూశాడు. ఆమె అతని మొహం వైపు చూడటం లేదు. ఛాతీ వైపు చూస్తోంది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు సన్నగా వణుకుతున్నాయి.

లేపుతావా చెల్లీ అని అడగాలనిపించింది. ఆ మాట అడగడానికి ఏ మొహం ఉంది?

"పడుకో అన్నయ్యా" అంది తిరుపతమ్మ. "నాకెటూ నిద్ర రాదు."

జమలయ్య ఊపిరి నిండా పీల్చి, పూర్తిగా వదిలి, కళ్ళు మూసుకున్నాడు.