లీజు కారు మీద కొబ్బరికాయ

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి అమలాపురం గడియార స్తంభం దగ్గరి డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చిన మనిషి భయపడుతూ రాలేదు. మండిపడుతూ వచ్చింది. పేరు షైనీ, ముప్పై ఆరేళ్ళు, అప్పనపల్లి దగ్గర ఊరు. ఒక చేతిలో కారు తాళం, రెండో చేతిలో బరువైన సంచి.

"కూర్చోండి," అంది డిటెక్టివ్ ఉమామహేశ్వరి. "మంచినీళ్ళు తాగి, అప్పుడు తిట్టండి. ఎవర్ని తిట్టాలో వాళ్ళని."

"రేపు ఐదింటికి నా కారు లాగేసుకుంటారండి," అంది షైనీ. కూర్చోలేదు.

అసిస్టెంటు ముత్యాలరాజు పుస్తకం తెరిచాడు. హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి. మేడమ్‌ని మించిన బుర్ర గోదావరికి ఇటూ అటూ లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని టీ కొట్టువాడి దగ్గర కూడా దాచుకోడు.

షైనీ మూడేళ్ళ క్రితం ఆ కారు లీజుకి తీసుకుంది. లంక గ్రామాల నుంచి డయాలసిస్ వాళ్ళనీ, నెలలు నిండిన వాళ్ళనీ అమలాపురం ఆసుపత్రులకి తీసుకొచ్చి దింపుతుంది. రేపటితో లీజు అయిపోతుంది. కారు తిరిగి ఇచ్చేయొచ్చు, ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు, లేదా ముందే రాసుకున్న ధరకి కొనేసుకోవచ్చు. కొనడానికే ఆమె నిశ్చయించుకుంది. అయితే ఆఖరి తనిఖీలో దెబ్బ కనబడితే కొనే హక్కు పోతుందని కాగితంలో ఉంది. ఎవడు రాస్తాడో ఇలాంటి కాగితాలు, వాడికి ఓ నమస్కారం.

"ఇవాళ తనిఖీకి రవికుమార్ అని కంపెనీ ఆయన వస్తానన్నారండి. పదింటికి చర్చిలో ఉపవాస ప్రార్థన ఉందని చెప్పి, పన్నెండున్నరకి రమ్మన్నాను. నేను వచ్చేసరికి గేటు దగ్గర నిలబడి, ఇప్పుడే వచ్చేనన్నారు. చూస్తే కారు టాపు మీద ఇంత సొట్ట. పక్కనే ఇది."

సంచిలోంచి కొబ్బరికాయ తీసి బల్లమీద పెట్టింది. బాగా ముదిరిన కాయ.

"చెట్టు కింద పెట్టేరా కారు?"

"ఎప్పుడూ పెట్టనండి. కోనసీమలో ఎవరు పెడతారు? నిన్ననే దింపు తీయించేం, బాబ్జీ చెట్లన్నీ ఎక్కి ముదురుకాయలన్నీ దించేసేడు. కాయలు అరుగు పక్కన రాశిగా ఉన్నాయి. ఇంక భయమేముందని ఈ ఒక్కరోజూ పెట్టేనండి. బాబ్జీ ఒకటి వదిలేసుంటాడంటున్నాడు మా మరిది."

ఉమామహేశ్వరి కాయ తిప్పి చూసింది. తొడిమ చివర నున్నగా, ఏటవాలుగా ఉంది. ముత్యాలరాజుకి చూపించింది. ఆయన ఏమీ అర్థం కాకుండానే గట్టిగా తల ఊపాడు.

"ఆయన తీసిన ఫొటో ఉందా?"

రిపోర్టుతో పాటు పంపిన ఫొటో షైనీ ఫోనులో ఉంది. సొట్ట పడిన కారు, పక్కన కాయ, కారు మీంచి అవతలి ప్రహరీ దాకా పొడుగ్గా పరుచుకున్న చెట్టు నీడ.

"చెట్టు కారుకి ఏ పక్క?"

"తూర్పునండి."

"పొద్దున్న ఇంట్లో ఎవరున్నారు?"

"మా మరిది జీవన్ ఒక్కడేనండి." షైనీ గొంతు గట్టిపడింది. "ఆడమనిషికి స్టీరింగెందుకు, కారు తిరిగి ఇచ్చేయమని ఏడాదిగా పోరు. మస్కట్‌లో ఉన్న మా ఆయన చెవి కూడా కొరికేడు. ఈ కారు పోతే నన్ను మళ్ళీ వంటింట్లో కూర్చోబెడతారండి. నేను కూర్చోను."

ఆ సాయంత్రమే ఉమామహేశ్వరి, ముత్యాలరాజు షైనీ ఊరు వెళ్ళి జీవన్‌ని కలిశారు.

"కారు పోతే మీకు సంతోషమేనా?" అడిగింది ఉమామహేశ్వరి.

"ఆయ్, సంతోషమేనండి. కానీ ఆ సొట్ట నేను పెట్టలేదు."

"చప్పుడు వినపడలేదా?"

"మేడ మీద పడుకున్నానండి. ఫ్యాను చప్పుడు."

వీధిలోకి రాగానే ముత్యాలరాజు, "వీడే మేడమ్, మొహం చూడండి," అన్నాడు.

"మొహం సరే, మీరు రేపు రావులపాలెం వెళ్ళి పాత కార్లు అమ్మేచోట ఈ కారు నంబరు చెప్పి అడగండి."

శనివారం నాలుగింటికి లీజు కంపెనీ ఆఫీసులో అందరూ కూర్చున్నారు. మేనేజరు సుందరరావు, తనిఖీ చేసిన రవికుమార్, షైనీ, జీవన్, దింపు తీసిన బాబ్జీ. ఉమామహేశ్వరి కాయని బాబ్జీ చేతికిచ్చింది.

"ఇది చెట్టు మీంచి రాలిందా?"

బాబ్జీ ఒక్కసారి చూశాడు. "లేదండి. రాలిన కాయకి తొడిమ ఎండి ఊడిపోద్దండి. ఇది కత్తిగాటు. నేను కోసిందే. రాశిలోదండి."

"అంటే కాయ పడలేదు. ఎవరో రాశిలోంచి తీసి కొట్టారు," అంది ఉమామహేశ్వరి. "జీవన్ గారికి కోపముంది. కానీ ఆయన ఈ ఊళ్ళో పుట్టి పెరిగారు. రాలిన కాయకీ కోసిన కాయకీ తేడా తెలియకుండా ఈ పని చెయ్యరు."

"నేను హైదరాబాద్ వాణ్ణి మేడమ్," అన్నాడు రవికుమార్. "కొబ్బరికాయల సంగతి నాకేం తెలుసు?"

"తెలియకే దొరికారు. మీరు పన్నెండున్నరకి వచ్చానన్నారు. అప్పుడు నీడ చెట్టు మొదట్లోనే ఉంటుంది. మీ ఫొటోలో పడమటి ప్రహరీ దాకా ఉంది. అది పొద్దుటి నీడ. ఈమె ప్రార్థనకి వెళ్తుందని మీకు తెలుసు. అప్పుడొచ్చి కొట్టారు, ఫొటో తీశారు, వెళ్ళిపోయి మళ్ళీ వచ్చారు. ఇంకో ఫొటో తియ్యడానికి బద్ధకించారు."

ముత్యాలరాజు లేచాడు. ఇంతసేపూ ఆగడమే ఎక్కువ. "రావులపాలెంలో ఒకాయన ఈ కారు కోసం ఎదురుచూస్తున్నారండి. ఈమెకి రాసిన ధర కన్నా ఎక్కువకి, సోమవారానికల్లా తెచ్చిస్తానని రవికుమార్ గారు మాటిచ్చేరంట. నంబరుతో సహా చెప్పేరు."

రవికుమార్ తన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

సుందరరావు చెమట తుడుచుకున్నాడు. "అమ్మా షైనీ గారూ, పోలీసుల దాకా వద్దండి. ఈ కారు వదిలెయ్యండి. కొత్త కారు ఇస్తాం, మొదటి ఏడాది ఏమీ కట్టక్కర్లేదు. మళ్ళీ లీజు రాసుకుందాం."

జీవన్ కూడా గొంతు కలిపాడు. "మంచి మాటే కదండి వదినగారూ."

"మళ్ళీ లీజా?" అంది షైనీ. "మళ్ళీ మూడేళ్ళు పరాయి బండి కడిగి, తుడిచి, ఆఖర్రోజున మీ దయ కోసం మీ బల్ల ముందు కూర్చోవాలా? నేను కూర్చోనండి. నా కారు నాకు రాయండి. సొట్ట మీరు బాగుచేయించండి. పోలీసులకి చెప్పాలో వద్దో నేను చూసుకుంటాను."

గోడ గడియారం నాలుగూ యాభై చూపిస్తోంది. సుందరరావు కాగితాలు తీశాడు. షైనీ ప్రతి పేజీ చదివి సంతకం పెట్టింది, తొందరపడలేదు.

కిందికి వచ్చాక జీవన్ చెయ్యి చాచాడు. "తాళం ఇలా ఇవ్వండి వదినగారూ. మీరు బాగా అలిసిపోయేరు. నేను నడుపుతాను."

షైనీ డ్రైవరు సీటులో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

"వెనక కూర్చో జీవన్. ఆసుపత్రి దగ్గర వీరాయమ్మగారిని ఎక్కించుకోవాలి. డయాలసిస్ అయ్యి నీరసంగా ఉంటారు. ముందు సీటు ఆవిడది."

జీవన్ వెనక కూర్చున్నాడు.