అమ్మేవాళ్ల ఫ్రెంచి

మొదటిరోజే నా క్లాసు పరువు తీసింది సుధామణి.

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఓ మేడమీద మా ఇన్‌స్టిట్యూట్. ఆ రోజు పాఠం షాపింగ్. ధర ఎంత, కాస్త తగ్గించండి, డిస్కౌంట్ ఉందా... పారిస్‌లో చవగ్గా కొనడానికి పనికొచ్చే ఫ్రెంచి మాటలన్నీ బోర్డు నిండా రాశాను. వెనక బెంచీలోంచి ఓ చెయ్యి లేచింది.

"ఇవన్నీ కొనేవాళ్ల మాటలు కదండీ. అమ్మేవాళ్లు ఏమంటారో చెప్పరా?"

"మీరేం అమ్ముతారండీ?"

"ఎండు రొయ్యలు."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను. ఆ రాత్రంతా సిగ్గేసింది.

తర్వాత తెలిసింది. బందరు దగ్గర గిలకలదిండిలో వాళ్లమ్మ పెద్దింట్లమ్మ, మరో ముప్ఫైమంది ఆడవాళ్లు కలిసి సంఘం పెట్టుకున్నారు. పారిస్‌లో దుకాణాలున్న ఒకావిడ వాళ్ల సరుకు అడుగుతోంది. ఈ బేరం కుదరకపోతే ఎప్పట్లాగే దళారి చెప్పిన రేటుకే అమ్ముకోవాలి.

మూడు నెలలు, క్లాసయ్యాక రోజూ అరగంట నేను కొనేవాణ్ణి, ఆమె అమ్మేది. "సె త్రో షేర్" అనేవాణ్ణి, మరీ ఖరీదండీ అని. ఆమె రొయ్య సైజూ, ఎండా, ఉప్పూ అన్నీ ఫ్రెంచిలో ఏకరువు పెట్టేది. ఓడిపోయేది నేనే.

"మీకసలు బేరమాడ్డం రాదండీ," అంది ఓ సాయంత్రం, వానకి మెట్ల మీద ఆగిపోయినప్పుడు. "నిన్న కింద కొట్లో గొడుగు చెప్పిన ధరకే కొన్నారు. చూశాను."

"నన్ను చూస్తున్నారన్నమాట."

"గొడుగుని చూశానండీ," అని వానలోకి వెళ్లిపోయింది. గొడుగు ఇద్దామన్న ఆలోచన నాకు ఆమె సందు తిరిగాక వచ్చింది.

వీడియో కాల్ రోజు నన్నూ రమ్మంది. సంఘం షెడ్డులో లాప్‌టాప్ ముందు సుధామణి, వెనక ఊపిరి బిగబట్టి ముప్ఫైమంది. పారిస్ ఆవిడ రేటు వినగానే పెదవి విరిచింది.

"సె త్రో షేర్."

దానికి పద్నాలుగు జవాబులు నేర్పాను. సుధామణి ఒక్కటీ వాడలేదు. "మెర్సీ మదాం, ఓ రెవ్వార్," అని సెలవు తీసుకుని లాప్‌టాప్ మూత దించసాగింది.

నేను ఆపబోయాను.

"అతాందే, అతాందే," లోపల్నుంచి కేక. ఆగమంటోంది.

అయిదు నిమిషాల్లో సుధామణి చెప్పిన రేటే ఖాయమైంది.

"ఇది నేను నేర్పలేదే," అన్నాను.

"అమ్మ నేర్పింది. బేరం నచ్చకపోతే గంప మీద గోనె కప్పేసి లేచెళ్లిపోద్ది. కొనేవాళ్లే వెనక్కి పిలుస్తారు."

పెద్దింట్లమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. శౌరమ్మ అనే పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఈ బాబెవరే?"

"ఫ్రెంచి మాస్టారత్తా. పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను. ఆయన్నింకా అడగలేదు."

నాకు ఫ్రెంచీ తెలుగూ రెండూ పోయాయి. "అడగండి మరి," అన్నాను ఎలాగో.

"చేసుకుంటారా?"

"చేసుకుంటానండీ."

పెద్దింట్లమ్మ నవ్వలేదు. "మా ఇంట్లో పొద్దున లేస్తే రొయ్యల వాసనే బాబూ. మీవాళ్లు ఏమంటారో."

అక్కడే నిలబడి మా నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన రిటైరైన లెక్చరరు. పెళ్లి మాట వినగానే, "అమ్మాయి ఏం చేస్తుందిరా?" అన్నారు.

"ఎండు రొయ్యలు అమ్ముతుంది నాన్నా. పారిస్‌కి," అన్నాను, ముప్ఫైమందికీ వినపడేలా.